మూడో పోర్షన్

జాకెట్లు కుట్టి కట్టిన ఇల్లు ఇది.
చూసెటోళ్లకు మూడు పోర్షన్లు,
నాకు మాత్రం లెక్కపెట్టలేనన్ని హుక్కులు, కాజాలు,
రెండు చీటీలు, ఒక బ్యాంకు లోను.

గోదావరిఖనిల ఇల్లు కట్టేటోళ్లకు
మేస్త్రి ముందే ఒక మాట చెప్పి పెడ్తడు:
"అక్కా, గోడకు సిమెంటు నేనేస్త,
బ్లాస్టింగుకు పూచీ నాది గాదు."

మొదటి పోర్షన్ల నర్సు సలోమి.
ఒకటో తారీఖు పొద్దుగాలనే ఫోన్ల పైసలు పడ్డ సప్పుడైతది.
అసోంటోళ్లే తొందరగ ట్రాన్స్‌ఫరైతరు.

రెండోది నాలుగు నెల్లు ఖాళీ.
ఖాళీ అర్రకు గూడ కరెంటు బిల్లొస్తది,
నల్లా బిల్లొస్తది, ఇంటి పన్ను కాయిదమొస్తది,
మనిషి రాడు.
వచ్చినోళ్లు గోడ దిక్కు చూసి
"వాస్తు" అంటరు.
పగులు అనరు. మర్యాదస్తులు.

మూడో దాంట్ల దుర్గం రాజలింగు.
ఓసీపీల కాంట్రాక్టు పని.
బిల్లు పాస్‌గాలె అంటడు కాంట్రాక్టరు వానితోని,
జీతం పడలె అంటడు వాడు నాతోని,
కిస్తు జమగాలె అంట నేను బ్యాంకుల.
బ్యాంకోడు ఇంకెవనికీ ఏం చెప్పడు,
ఆ మాట అక్కడ ఆగిపోతది.

మూడు నెలలది పదమూడు వేల ఐదు వందలు.
మిషిన్ ముంగట కూసోని మాటలు కత్తిరించుకున్న:
గట్టిగ ఒకటి, మెత్తగ ఒకటి,
నడుమ వాళ్ల పిల్ల జ్వరం అడిగెటందుకు
కొంచెం మార్జిన్ ఇడిచి.

తలుపు కొట్టిన. నైట్ షిఫ్టోడు, అప్పుడే లేచిండు.
"కూసో అక్కా" అని కుర్చీ ఏసిండు.
కూసుంటే అడుగబుద్ధి గాదు.
నిలబడ్డ.

"రాజలింగూ."
"అక్కా."
"ఇది మూడో నెల."
"నేనే వద్దామనుకున్న" అనుకుంట
గోడకున్న క్యాలెండరు తీసిండు.
ఎనుక పగులు,
కచ్చా కుట్టు లెక్క వంకరటింకర దిగింది.
మీది సగంల తెల్ల సిమెంటు నింపి ఉన్నది.
"రెండు కిలోలు పట్టింది. కిరాయిల పట్టుకో."
"ఎవలు పెట్టమన్నరు?"
"వాన ఎవలినన్న అడిగి వచ్చిందా అక్కా?"

నా గోడ. నా పగులు.
నాకు చెప్పక దాని మీద క్యాలెండరేసుడేంది?
బుక్కెడు సిమెంటుకు
మూడు నెలల కిరాయి మాఫా?
నోరు తెరిచిన,

సైరన్ కూసింది.

ఇద్దరం ఒక్క మాట అనుకోలె.
వాడు దేవుని పటాల కాడికి,
నేను గిన్నెల సెల్ఫు కాడికి.
స్టీలు పళ్లాల మీద అరచేతులు ఒత్తిపట్టి
ఓనరు, కిరాయిదారు
ఒకే గోడకు రెండు బల్లులం.

భూమి కడుపుల దబ్బుమన్నది.
గ్లాసులు వణికినయ్.
సున్నం పొడి వాని జుట్టుల, నా కండ్లల్ల.
ఊయలల పిల్ల లేవలె, అలవాటైంది.

చేతులు తీసినం.
ఇద్దరం చూసింది పగులునే.
నింపిన సగం అట్లనే ఉన్నది,
నింపని సగం ఇంకో ఏలెడు కిందికి దిగింది.

"ఎంతయింది సిమెంటు?"
"నాలుగు వందల ఇరవై."
"నాలుగు వందలు పట్టుకో. ఇంకింత తెప్పిస్త, కిందిది గూడ నింపు.
పైసలు మాత్రం పదో తారీఖు."
"పదిహేను, అక్కా."
"పన్నెండు."

సగం మెట్లు దిగినంక యాదికొచ్చింది,
పిల్ల జ్వరం అడుగనే లేదు.
మార్జిన్ అట్లనే మిగిలింది.

వాకిట్ల నీళ్ల డ్రమ్ము మీద మూత, టులెట్ బోర్డు.
రెండో పోర్షన్‌కు కట్టాల్నని
పొద్దుగాలనే కడిగి పెట్టిన.
అక్షరాల మీద మళ్ల దుమ్ము.
కొంగుతోని తుడిచిన,
"టు" కనబడ్డది.